కాల్పులు లేవని కోపమా?

అమెరికా దోపిడీ దొంగ జెస్సీ జేమ్స్ హత్య మీద 2007లో వచ్చిన ‘ది అసాసినేషన్ ఆఫ్ జెస్సీ జేమ్స్ బై ది కవర్డ్ రాబర్ట్ ఫోర్డ్’ సినిమా పేరెత్తితే చాలు, ఒకటే సణుగుడు: స్లో, బోరు, కాల్పులే లేవు. ఒళ్లు మండిపోతుంది. చంపేస్తారని టైటిల్లోనే చెప్పేశాక ఇంకేం సస్పెన్స్ కావాలి? కటిక చీకట్లో రైలు దీపం వెలుగు చెట్ల మధ్య నుంచి పాక్కుంటూ వచ్చి, ముసుగు దొంగల మీద పడే సీన్ ఉంది. అప్పుడు ఫోన్ గెలుక్కుంటూ కూర్చుని, తర్వాత ఏమీ జరగలేదంటే ఎలా? 1882లో, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, తన ఇంట్లో జెస్సీ గోడమీది పటం సర్దుతుంటే, అతని ముఠాలోనే ఉన్న బాబ్ (రాబర్ట్) ఫోర్డ్ వెనక నుంచి కాల్చాడు. జరిగింది అదే. జరగని ఫైట్ పెట్టలేదని డైరెక్టర్‌ని తిట్టడం అన్యాయం. పైగా, హీరోయిజం చాల్లేదట! బ్యాంకులు, రైళ్లు దోచినవాడికి హీరోయిజం ఎందుకండీ? ఆ దోపిడీల్లో ప్రాణాలు పోయినవాళ్లు ఒక్కరికీ గుర్తురారా?