ఆ అప్లికేషన్ మళ్లీ తియ్యండి

మన సంఘం ఉగాది సభలో స్కాలర్‌షిప్పుల జాబితా చదువుతుంటే చెవులు రిక్కించి విన్నాను. మెడిసిన్, ఇంజినీరింగ్, కంప్యూటర్లు. మా శ్రీకాకుళం జిల్లా సోంపేట పిల్ల పేరు రాలేదు. పర్యావరణ బాధ్యత ప్రధానాంశంగా ఎంబీఏ చదువుతానని దరఖాస్తు పెట్టుకున్న పిల్ల. భోజనాల దగ్గర కమిటీ పెద్దాయన్ని అడిగాను. “చెట్లు నాటడానికి ఎంబీఏ ఏటమ్మా? అది చదివితే ఉద్యోగమెవడిస్తాడు?” అన్నారు. చుట్టూ నలుగురూ నవ్వారు. అప్పుడు నాకు నోరు పెగల్లేదు.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పెంకు పగిలినప్పుడు కారే జీడి చర్మానికి తగిలితే కాలుతుంది. చేతులకి బూడిద రాసుకుని కూర్చున్నా బొటనవేలూ చూపుడువేలూ నల్లబడి పొరలుగా ఊడేవి. నాకు అన్నం పెట్టేటప్పుడు ఆ చెయ్యి నా నోటి దగ్గరికి రానిచ్చేది కాదు, చెంచాతో పెట్టేది. అందరూ అమ్మ చేతి ముద్ద గురించి చెప్పుకుంటారు. నాకు స్టీలు చెంచా గుర్తుంది.

పలాస జీడిపప్పంటే మనకెంత గొప్పో! ప్రతి సంక్రాంతికీ పొట్లాలు కట్టి పంచుకుంటాం. ఆ పెంకుల నుంచి తీసిన నూనె రంగుల్లోకీ, బ్రేకు లైనింగుల్లోకీ పోతుంది, దానికీ ధర పలుకుతుంది. మరి అమ్మ చేతికి తొడుగు ఎవరి ఖర్చు? పెంకులు కాల్చిన పొగ ఎవరి ఖాతాలో రాయాలి? మనం ఎన్నడూ అడగలేదు. ఆ లెక్క కట్టడం నేర్పే చదువే ఆ పిల్ల అడిగింది.

సోంపేట సంగతి మీకు నేను చెప్పాలా? పంటా చేపా ఇచ్చే బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. అనుమతి కాగితాల్లో ఆ నేల బంజరైపోయింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. ఆ కాగితాలు ముందే చదివి, ఇది తప్పు అని లెక్కలతో చూపించే మనిషి ఊళ్లో ఒక్కరుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

పెద్దాయన భయం నాకు తెలుసు. అప్పు చేసి చదివే ఇంట్లో ఉద్యోగమే ముందు. మా జిల్లాలో ఇలాంటి కొలువులు తక్కువే. కానీ 2013 కంపెనీల చట్టం, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలంది. 2022-23 నుంచి షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు నీరు, కర్బనం, కార్మికుల లెక్కలు బయటపెట్టాలంది. ఆ లెక్కలు రాసేవాళ్లు కావాలి. అవి అబద్ధమైతే పట్టుకునేవాళ్లు ఇంకా కావాలి.

కమిటీ పెద్దలారా, వచ్చే సమావేశంలో ఆ అప్లికేషన్ మళ్లీ తియ్యండి. మొదటి సెమిస్టరు ఫీజు నేను కడతాను. మిగతాది మాత్రం సంఘం పేరు మీదే వెళ్లాలి. ఊరివాళ్లు పంపారని ఆ పిల్లకి తెలియాలి.