పాత ల్యాప్‌టాప్‌కు మింట్ చాలు, వెతుకులాట ఆపండి

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఏడో తరం, అంతకు ముందరి ఇంటెల్ చిప్పులను విండోస్ 11 ఒకటీ అరా తప్ప ఒప్పుకోదు. నిక్షేపంలాంటి ల్యాప్‌టాప్‌ను పాత సామానుకు వేసే బదులు, విండోస్ స్థానంలో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఎక్కించుకోండని అందరూ చెబుతున్నదే. ఫెడోరా, ఆర్చ్, ఉబుంటు, మింట్ అంటూ లినక్స్‌లో రకాలెన్నో. వాటిలో ఏది అన్న దగ్గరే చర్చ దారి తప్పుతోంది.

ఇన్‌స్టాల్ ఎంత తేలికో చూసి ఎంచుకోకూడదు. ఆ పని ఒక్కసారే. అప్‌డేట్లు మాత్రం వారం వారం వస్తాయి, తలనొప్పులూ వాటితోనే వస్తాయి. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కు దాదాపు 13 నెలలే ఆయుష్షు. ఆర్చ్ అయితే అప్‌డేట్‌కు ముందు దాని వెబ్‌సైట్‌లోని సూచనలు చదువుకోవాలి. ఉబుంటు 24.04 మీద కట్టిన లినక్స్ మింట్ 22కు 2029 దాకా భద్రతా సవరణలు అందుతాయి. పైగా ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వచ్చి పాత హార్డ్‌డిస్కుపై తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. మింట్ స్నాప్‌ను పక్కన పెట్టేసింది.

అన్నిటికీ మించి టైమ్‌షిఫ్ట్. మింట్‌తోపాటే వచ్చే ఈ సాధనాన్ని ఒకసారి తెరిచి రోజువారీ ప్రతులు ఎంచుకుంటే, సిస్టమ్ ఫైళ్లను ఉన్నవున్నట్టు దాచి ఉంచుతుంది. అప్‌డేట్ తర్వాత తెర నల్లబడిందా? ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేసి, టైమ్‌షిఫ్ట్ తెరిచి, నిన్నటి ప్రతిని ఎంచుకుని రీస్టోర్ నొక్కితే చాలు. సొంత ఫైళ్లను అది ముట్టుకోదు. అందుకే ఫొటోలు, పత్రాలకు బయటి డిస్కులో వేరే బ్యాకప్ తప్పదు. రోజువారీ ప్రతులు రెండుకు మించి ఉంచకండి. డిస్కు నిండితే లాగిన్ కూడా కాలేరు.

మింట్‌లో 4 జీబీ ర్యామ్ ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 ఉంటే సినమన్ ఎడిషన్. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా చూడండి, మూత మూసి తెరిచి నిద్ర లేస్తోందో లేదో కూడా చూడండి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పు పలకకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ ఇచ్చి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి ఆ చిప్పు డ్రైవర్ వేసుకోండి. విండోస్‌ను కూడా అట్టిపెట్టుకోవాలంటే దానిలోని ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ముందే ఆపాలి. లేదంటే ఆ డ్రైవ్‌లో లినక్స్ రాయలేదు.

ట్యాలీతో లెక్కలు రాసేవాళ్లు, పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికే డీటీపీ వాళ్ల మాటేమిటన్నది న్యాయమైన ప్రశ్న. వాళ్లు ఆ పనికి వాడే విండోస్ యంత్రాన్ని లినక్స్‌కు మార్చక్కర్లేదు.

కానీ అసలు గాయం ఆ జవాబులోనే ఉంది. అనులో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు, అంటే అన్ని యంత్రాలూ ఒకేలా చదివే ఉమ్మడి అక్షర సంకేతం కాదు. ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలే. వెతికినా దొరకదు. ఎన్నో ఏళ్ల తెలుగు పేజీలు ఇలా తాళం పడి ఉన్నాయి. మింట్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనాలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతోనో, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతిలోనో నేరుగా యూనికోడ్ తెలుగు కొట్టవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా ఉబుంటు ఆధారిత వ్యవస్థ మీదే ఐటీ పాఠాలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ ముద్రణ టెండర్లలో ఒక్క షరతు చేర్చాలి: పుస్తకంతో పాటు దాని యూనికోడ్ ఫైలూ అప్పగించాకే బిల్లు.