పిల్లల భుజాలపై పార్కుల భారం

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట మళ్లీ ఎప్పుడు ఎగజిమ్ముతుందో లెక్కగట్టి, సందర్శకుల కేంద్రంలో సమయం ప్రకటిస్తారు. కిందటిసారి నీరు ఎంతసేపు ఎగసిందో గడియారం చూసి రాసుకోవాలి. కొద్దిసేపే ఎగస్తే తరువాతిది త్వరగా వస్తుంది, ఎక్కువసేపు ఎగస్తే ఆలస్యమవుతుంది. ఎంత జాగ్రత్తగా లెక్కించినా పది నిమిషాలు అటూ ఇటూ తప్పదు. ఎండలో పిల్లలతో కూర్చుని విసుగెత్తిన వందల మందికి ఆ పది నిమిషాల సంగతి ఓపికగా చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. వేసవి ఇంటర్న్‌గా వచ్చిన కళాశాల విద్యార్థి నేర్చుకోదగిన పని ఇది. అనుభవం ఉన్న రేంజర్, అంటే పార్కును కాపాడుతూ సందర్శకులకు దారి చూపే ఉద్యోగి, పక్కన నిలబడి నేర్పితే అంతకు మించిన చదువు లేదు. నేర్పేవారిని ఇంటికి పంపి, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలతోనే సందర్శకుల కేంద్రంలోని సమాచార బల్ల నడిపిస్తే అది శ్రమదోపిడీ.

అమెరికా జాతీయ పార్కుల్లో 2025లో ఏం జరిగిందో పాఠకులు ఎరిగినదే. జనవరిలో ట్రంప్ ప్రభుత్వం నియామకాలు ఆపింది. సీజనల్ ఉద్యోగాలకు, అంటే రద్దీ నెలల్లోనే ఉండే కొలువులకు, ఎంపికైనవారి ఆఫర్లు రద్దు చేశారు. ఫిబ్రవరి 14న ప్రొబేషన్‌లో ఉన్న సుమారు వెయ్యి మందిని తొలగించారు. గగ్గోలు పుట్టాక 7,700 సీజనల్ కొలువులకు అనుమతి ఇస్తామన్నారు. కోర్టులు కల్పించుకున్నాక తొలగించినవారిని తిరిగి రమ్మన్నారు. ఈలోగా ఎందరో వేరే దారి చూసుకున్నారు. ఇదంతా జరిగింది 2024లో 33 కోట్లకు పైగా సందర్శనలతో పార్కులు రికార్డు సృష్టించిన వెంటనే. ఏప్రిల్‌లో ఇంటీరియర్ శాఖ మంత్రి డగ్ బర్గమ్ మరో ఉత్తర్వు ఇచ్చారు: పార్కులన్నీ తెరిచే ఉండాలి, సందర్శకుల సేవలు తగ్గించాలంటే పైవారి పరిశీలన తప్పనిసరి. అదే ప్రభుత్వం మరుసటి ఏడాది బడ్జెట్‌లో పార్కుల సంస్థకు 120 కోట్ల డాలర్లకు పైగా కోత ప్రతిపాదించింది. తలుపులు మూయవద్దన్న నోరే తాళంచెవులు పట్టుకున్నవారిని పొమ్మంది.

ఇంటర్న్‌షిప్‌లు యువతకు మేలు చేస్తాయని, ప్రభుత్వ ఖర్చు తగ్గాలని వాదించేవారున్నారు. మేలు చేస్తాయి, కాదనం. కానీ ఖర్చు తగ్గిన చోట పని తగ్గలేదు. ఆ పని ఎవరి నెత్తిన పడింది? ఇంటర్న్‌ల నెత్తిన. ఈ ఇంటర్న్‌లలో చాలామందికి చేతికందేది జీతం కాదు, తిండికి సరిపోయే భత్యం, తల దాచుకోవడానికి ఒక గది. స్వచ్ఛంద సేవకులను ఉద్యోగుల స్థానంలోకి తేరాదని పార్కుల సంస్థ తానే నియమం పెట్టుకుంది. తన నియమాన్ని తానే తుంగలో తొక్కే పరిస్థితికి దాన్ని నెడుతున్నారు. మా ఆందోళన అంతా దీని గురించే.

ఈ పని తేలికని ఎవరైనా అనుకుంటే గ్రాండ్ కాన్యన్ అనే లోతైన లోయ అంచున ఒక్క ఉదయం నిలబడి చూడాలి. బ్రైట్ ఏంజెల్ దారిలో దిగడం హాయిగా ఉంటుంది, ఎక్కడం ప్రాణాల మీదికి తెస్తుంది. పైన చల్లగాలి వీస్తుంటే అడుగున నది దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. పదింటి నుంచి నాలుగింటి వరకు లోయలో నడవవద్దని అందుకే హెచ్చరిస్తారు. పిల్లల దగ్గరికి వేసవిలో అమెరికా వెళ్లే మన అమ్మానాన్నలు ఆ అంచు దాకా వెళ్లడం మామూలే. మామూలు చెప్పులతో, చిన్న నీళ్ల సీసాతో దిగబోయే పెద్దాయనను ఆపి, నొప్పించకుండా వెనక్కి పంపడానికి అనుభవం కావాలి. యెల్లోస్టోన్‌లో అడవిదున్నకు 25 గజాల దూరంలో ఉండమని చెప్పినా వినని తండ్రికి ఇంటర్న్ జరిమానా వేయలేడు. ఆ అధికారం అతనికి లేదు. అక్కడ మరే జంతువూ గాయపరచనంత మందిని ఆ దున్నలే గాయపరిచాయి.

ఒక్క వేసవేగా అని సరిపెట్టుకోవద్దు. విద్యా వాలంటీర్లతో బడులు నడిపిన తెలుగు నేలకు ఈ జబ్బు లక్షణాలు బాగా తెలుసు. ముందు ఖాళీ పోస్టులో తాత్కాలికంగా ఒకరిని నిలబెడతారు. ఏడాది తిరిగాక, పని సాగుతోంది కదా, పోస్టు ఎందుకని అడుగుతారు. ఇంటర్న్ ఎంత బాగా పనిచేస్తే రేంజర్ కొలువుకు అంత చేటు. రేపు అదే కొలువు కోసం దరఖాస్తు పెట్టబోయేదీ ఆ పిల్లలే. వారి కష్టంతోనే వారి భవిష్యత్తుకు గొయ్యి తవ్విస్తున్నారు.

1916 నాటి చట్టం ఈ పార్కులను రాబోయే తరాల కోసం చెక్కుచెదరకుండా కాపాడమంది. పాలకులారా, ఆ తరం వచ్చి యూనిఫాం వేసుకుని నిలబడితే మీరు దానికి ఇస్తున్నది భత్యమా? సేవలు తగ్గలేదని ప్రకటనలు ఇవ్వడం కట్టిపెట్టండి. ఒక్కో సందర్శకుల కేంద్రంలో బల్ల వెనక ఎందరు ఉద్యోగులు ఉన్నారో, ఎందరు ఇంటర్న్‌లు ఉన్నారో, పార్కుల వారీగా ఆ లెక్క ముందు బయటపెట్టండి.