బ్యాంకు నెత్తి మీది వివేకం

బ్యాంకులు ఎందుకు మునుగుతాయన్న ప్రశ్నకు ఆర్థికవేత్తలు ఇంతవరకు చెప్పిన కారణాలన్నీ, వారి మీద గౌరవంతోనే అంటున్నాను, పైపైవి. మొండి బాకీలు, అదుపు లేని విస్తరణ, తనిఖీ అధికారుల అలసత్వం అన్నవి రోగ లక్షణాలే గాని రోగం కాదు. అసలు రోగం తెలియాలంటే లెక్కల పుస్తకాలు మూసేసి, స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరాలోని జార్జ్ స్ట్రీట్ మీద నిలబడి, మెడ పట్టేసేదాకా పైకి చూడాలి. అక్కడ ఆరు కొరింథియన్ స్తంభాల మీద, త్రికోణాకారపు ముఖభాగంలో, స్కాట్లాండు దేశమాత కాలిడోనియా కొలువు తీరి ఉంటుంది. వ్యవసాయం, వాణిజ్యం, సాహసం, యంత్రశాస్త్రం, విద్య మానవ రూపం దాల్చి ఆమెకు చెరో పక్కన చేరాయి. ఆ పరివారంలోనే ఉన్న మరొకామె పేరు వివేకం. ఈ వ్యాసానికి నాయిక ఆమె.

ఆమెను చెక్కినవాడు అలెగ్జాండర్ హ్యాండీసైడ్ రిచీ. 1804లో ఎడిన్‌బరాకు కూతవేటు దూరంలో ఉన్న మసెల్‌బరా అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఇటుకలు చేసేవాడు, గోడలకు అలంకారపు గచ్చుపని చేసేవాడు, అవి చాలవన్నట్టు చేపలు కూడా పట్టేవాడు. అటువంటి ఇంటి నుంచి బయలుదేరిన కుర్రవాడు రోము నగరం దాకా వెళ్ళి, ఆ కాలపు యూరపులో శిల్పులకు గురుపీఠమైన థోర్వాల్డ్‌సెన్ దగ్గర పని నేర్చుకుని, తిరిగి వచ్చి, నేర్చినదంతా మనుషుల చూపు ఆనని ఎత్తుల్లో పెట్టాడు. భవన శిల్పి వృత్తి ధర్మమే అది. ఆయన తప్పేమీ లేదు. భవనం పేరు యజమానిది, ఘనత వాస్తుశిల్పిది, ముక్కు మీద రెట్ట పావురానిది. పైన చెప్పిన ముఖభాగాన్నే తీసుకోండి. కట్టడం డేవిడ్ రైండ్‌ది, బొమ్మల ఊహ జేమ్స్ వాయట్ అనే ఆయనది, 1840లలో పరంజా ఎక్కి ఉలి పట్టింది మాత్రం రిచీ. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారు లోకంలో ఎందరో ఉంటారు గాని, చెట్టును తానే పెంచి, దాని చిటారు కొమ్మన తన పేరు ఎవరికీ కనబడకుండా రాసుకునే నిగ్రహం ఈ వృత్తివారికే చెల్లింది.

ఇక వివేకం సంగతి. ఆ భవనం కమర్షియల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ వారిది. అంతకు ముందు ఆ స్థలంలో వైద్యుల సంఘానికి సొంత భవనం ఉండేది. 1843లో వైద్యులు దాన్ని బ్యాంకుకు అమ్మి, ఆ పక్క వీధి క్వీన్ స్ట్రీట్‌లో కొత్తది కట్టించుకున్నారు. అమ్మినవారికీ కొన్నవారికీ శిల్పి ఒక్కడే కావడం ఈ కథలో మొదటి విశేషం. వైద్యులకు రిచీ గ్రీకుల వైద్య పితామహుడు హిప్పొక్రటీసును, వైద్య దేవుడు ఈస్కులేపియసును, ఆరోగ్య దేవత హైజియాను చేసి ఇచ్చాడు. ఆ దగ్గరలోనే సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో బ్రిటిష్ లినెన్ బ్యాంకుకు కూడా ఆరు విగ్రహాలు చేశాడు. 1746లో నార బట్టల వ్యాపారం కోసం రాజముద్రతో పుట్టి, బట్ట కంటే నోటు లాభమని త్వరలోనే గ్రహించిన సంస్థ అది. డేవిడ్ బ్రైస్ కట్టిన ఆ భవనం ముందు ఆరు బ్రహ్మాండమైన స్తంభాలు గోడకు ఎడంగా నిలబడి ఉంటాయి. వాటి మీద కప్పు బరువు లేదు, అంతస్తు లేదు. ఒక్కొక్క స్తంభం తల మీద ఒక్కొక్క విగ్రహం, అంతే. నౌకాయానం, వాణిజ్యం, ఉత్పత్తి, విజ్ఞానం, కళ, వ్యవసాయం. భవనాన్ని మోయని స్తంభాన్ని అంత ఖర్చు పెట్టి కట్టగలిగినవాడి దగ్గర మన సొమ్ము భద్రమేనని ఖాతాదారు నమ్మాలన్నది అందులోని శాస్త్రం. ఆ ఆరుగురిలో వివేకం లేదన్న సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

తరువాతి చరిత్ర చిన్నది. వివేకం లేని బ్యాంకు 1971 నాటికి బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్‌లో కలిసింది. అది 2001లో హెచ్‌బీఓఎస్ అనే కొత్త బ్యాంకుగా అవతారమెత్తింది. 2009 జనవరిలో లాయిడ్స్ బ్యాంకు పంచన చేరింది. వివేకం ఉన్న కమర్షియల్ బ్యాంకు చేతులు మారి 1969లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గొడుగు కిందికి వచ్చింది. ఘోరం జరిగింది ఇక్కడే. జార్జ్ స్ట్రీట్ భవనంలో 1996లో 'ద డోమ్' పేరుతో బారు, రెస్టారెంటు తెరిచారు. రాయల్ బ్యాంకు నగరం వెలుపల గోగర్‌బర్న్‌లో సువిశాలమైన ప్రధాన కార్యాలయం కట్టుకుంది. 2005లో సాక్షాత్తు ఎలిజబెత్ మహారాణి వచ్చి దానిని ప్రారంభించారు. దాని నెత్తిన రిచీ చెక్కిన వివేకం లేదు. సరిగ్గా మూడేళ్ళకు బ్యాంకు కుప్పకూలింది, దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం జనం సొమ్ము దాదాపు 4,550 కోట్ల పౌండ్లు పోసింది. సొమ్మొకడిది సోకొకడిది అన్న మన సామెతకు ఇంత ఖరీదైన వ్యాఖ్యానం మరొకటి లేదు. వివేకం ఇప్పటికీ జార్జ్ స్ట్రీట్‌లోనే ఉంది. కిందికి వచ్చేవారు ఎంత తాగాలో తేల్చుకోవడానికి ఆమె అవసరం ఉండవచ్చు గాని, వారు కూడా తల ఎత్తి చూడరు.

ఇదంతా కాకతాళీయమని వాదించేవారికి రెండు రుజువులు. క్వీన్ స్ట్రీట్ వైద్యులు తమ విగ్రహాలను వదిలి ఎక్కడికీ పోలేదు, నేటికీ ఆ గుమ్మంలోనే చల్లగా ఉన్నారు. రెండో రుజువు గ్లాస్గోకు దగ్గరలోని హామిల్టన్‌లో ఉంది. అక్కడి ప్రభువు, పదో డ్యూక్, తన వంశానికి సమాధి మందిరం కట్టించుకున్నాడు. తన వరకు ఈజిప్టు నుంచి పురాతన శవపేటిక తెప్పించుకుని 1852లో అందులోనే పడుకున్నాడు. తలుపు మూస్తే పదిహేను సెకన్ల పాటు ప్రతిధ్వని మోగే మందిరం అది. పూజారి ఒక మాట పూర్తి చేసే లోపు ముందు మాట తిరిగి వచ్చి అడ్డుపడేది కనుక ప్రార్థనలకు పనికిరాలేదు. జీవితానికి, మరణానికి, అమరత్వానికి గుర్తుగా ముఖాలను, వాకిట రెండు సింహాలను రిచీ చెక్కాడు. బొగ్గు గనుల తవ్వకాల వల్ల నేల కుంగడంతో 1921లో డ్యూకును పేటికతో సహా ఊరి శ్మశానానికి మార్చారు, ఆ దశాబ్దంలోనే డ్యూకుల నివాసమైన మహలును కూల్చేశారు. అమరత్వం మాత్రం ద్వారం పైనే ఉండిపోయింది, సింహాలు కదలలేదు.

కనుక ప్రపంచంలోని రిజర్వు బ్యాంకులన్నిటికీ నా విన్నపం. బ్యాంకు ఇచ్చిన అప్పులకు తగ్గ సొంత పెట్టుబడి ఉందో లేదో చూసే మూలధన నిష్పత్తుల వంటి చిల్లర కొలతలు మాని, ప్రతి బ్యాంకుకూ రిచీ మాదిరి శిల్పాలు తప్పనిసరి చేయాలి. వివేకాన్ని పైకప్పు మీద గాక, అప్పులు మంజూరు చేసే బల్లకు ఎదురుగా, కంటి ఎత్తున పెట్టించాలి. డైరెక్టర్ల గది వాకిటికి హామిల్టన్ సింహాల నమూనా చాలు. రిచీ చేసిన జంటలో ఒకటి నిద్రపోతూ ఉంటుంది, ఒకటి మేలుకుని ఉంటుంది. మేలుకున్నదాన్ని మాత్రం చేయిస్తే సరిపోతుంది, రెండో రకానికి డైరెక్టర్ల గదిలో లోటు లేదు.