ఎంటీకార్స్ గారికి, నల్లగొండ నుంచి

మహారాజశ్రీ ఎంటీకార్స్ గారికి నమస్కారాలు.

మీ 32 కార్లలో ఒక్కటైనా క్లాక్ టవర్ సెంటర్ చుట్టూ తిరగగా చూసినవారు మా ఊళ్లో లేరు. అయినా స్టాటిస్టిక్స్ చదివే మా పిల్లలకు మీరు కంఠస్థం. 1974 నాటి అమెరికా కార్ల పత్రికలోంచి తెచ్చి మిమ్మల్ని, గణాంకాల లెక్కలు చేసే ఆర్ అనే కంప్యూటర్ భాషలో అభ్యాసానికి నమూనా పట్టికగా కూర్చోబెట్టారు, మళ్లీ లేచింది లేదు. ఏ వీడియో పెట్టినా, జిరాక్స్ సెంటర్‌లో ఏ నోట్సు కొన్నా ముందు మీ దర్శనమే.

వంద రూపాయల పెట్రోలు పోయించుకునే కుర్రాడు, లింకన్ కాంటినెంటల్ గాలనుకు 10.4 మైళ్లు ఇస్తుందని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాడు. అంటే లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు కూడా రావు. ఈ సంగతి తెలిస్తే అచ్చుతప్పేమోనని అనుమానమైనా పడేవాడు. బరువు వెయ్యి పౌండ్లు పెరిగితే మైలేజీ గాలనుకు 5.3 మైళ్లు తగ్గుతుందని, ఆ రెంటి సంబంధం చూపే రిగ్రెషన్ గీత కూడా గీస్తాడు. వైవాలో "నెగెటివ్ సార్" అంటాడు. ఏది నెగెటివ్ అని అడిగే ఎగ్జామినర్ ఇంకా పుట్టలేదు.

మీ వయసును క్షమించవచ్చు గానీ మీ శుభ్రతను క్షమించలేను. 11 కాలమ్‌లు, ఒక్క ఖాళీ గడి లేదు. ఫైలు తెరిచే పని కూడా లేకుండా పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు. మా జిల్లా మర్రిగూడ బోర్ల నీటిలో ఫ్లోరైడ్ పట్టిక అంత మర్యాదగా రాదు. ఒకే ఊరి పేరు రెండు రకాలుగా ఉంటుంది. బోరు ఎండిన నెలలో అంకె ఉండాల్సిన చోట "నీరు లేదు" అని ఉంటుంది. ఆ ఒక్క మాటకు కాలమ్ మొత్తం అక్షరాలైపోతుంది, సగటు అడిగితే ఆర్ "ఎన్ఏ" (విలువ లేదు) అని ముఖం తిప్పుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు ఎన్ని బోర్లు దాటాయో తేల్చాల్సిన పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. మీరు వాళ్లకు అలాంటి కష్టం ఎప్పుడైనా పెట్టారా?

సాయానికి కరువేమీ లేదు. ఫంక్షన్ పేరుకు ముందు ప్రశ్నార్థకం పెడితే సహాయ పేజీ వస్తుంది. స్వర్ల్ అనే ప్యాకేజీ తెరమీదే ప్రశ్నలడిగి పాఠం చెబుతుంది. పరిచయ మాన్యువల్ ఆర్‌తోనే వస్తుంది. అన్నీ ఉచితమే (అందుకేనేమో ఎవరూ ముట్టుకోరు). తీరా పేజీ తెరిచి అడుగున ఉదాహరణలు చూస్తే చాలాచోట్ల మళ్లీ మీరే, లేదంటే మీ పొరుగు నమూనా పట్టికలో ఉండే 150 ఐరిస్ పూలు.

మీకు విశ్రాంతి ఇద్దామంటే సిలబస్‌లో ఉన్నారట. కనుక ఒక్క మనవి. వచ్చే ప్రాక్టికల్స్‌కు వచ్చేటప్పుడు నాలుగైదు కార్ల బరువు గడులు ఖాళీ చేసుకుని రండి. టయోటా కరోలాకు రెండు స్పెల్లింగులు పెట్టించండి. కాడిలాక్ మైలేజీ గడిలో "పెట్రోలు లేదు" అని రాయించండి.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్