రెండు చుక్కల మాహాత్మ్యం

దాల్చిన చెట్టు బెరడు నూనె వేరు, ఆకు నూనె వేరు అన్న రహస్యం మన నూనె వ్యాపారులకు ఇంకా చేరినట్టు లేదు. సీసా మీద ‘నూటికి నూరుపాళ్లు స్వచ్ఛం’ అని బంగారు అక్షరాలు. దేన్నుంచి తీశారయ్యా అంటే, స్వచ్ఛతకు అలాంటి చిల్లర ప్రశ్నలు పట్టవు.

బెరడు నూనెలో సగానికి పైగా సిన్నమాల్డిహైడ్. దాల్చిన ఘాటంతా దానిదే. ఆకు నూనెలో ముప్పాతిక వంతు దాకా యూజినాల్, అంటే లవంగం సరుకు. మూత తియ్యగానే పిప్పిపన్నులో పెట్టుకున్న లవంగ నూనె దూది గుర్తొస్తే అది ఆకుదే. వంద కిలోల బెరడును ఆవిరి బట్టీలో పెట్టినా దిగేది మహా అయితే కిలో నూనె. ఆకు నూనె చవక. సీసా మీద బొమ్మ మాత్రం ఎప్పుడూ చెక్కదే.

ఇక వీడియో వైద్యుల ‘పరగడుపున గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు, షుగర్ మాయం’ ప్రయోగం తిలకించండి. ఈ నూనె నీళ్లలో కలవదు. పైగా నీళ్లకన్నా బరువు. చుక్క కాసేపు పైన తెట్టులా ఊగిసలాడి, పూసలా అడుగుకు జారుతుంది. భక్తుడు చెంచాతో తిప్పుతాడు. పూస ముక్కలై మళ్లీ అడుగునే చేరుతుంది. మళ్లీ తిప్పుతాడు. తర్వాత భక్తిగా ముప్పావు గ్లాసు మంచినీళ్లు తాగి ‘అబ్బే, ఘాటే లేదు’ అనుకుంటాడు. చివరి గుక్కలో చిక్కటి నూనె మొత్తం నాలుక మీద వాలుతుంది. అప్పుడు మూతి తుడుచుకున్న చేత్తోనే కన్ను నలుపుకుంటాడు. షుగర్ సంగతి ఆ క్షణంలో నిజంగానే గుర్తుండదు.

నవ్వు ఇక్కడితో సరి. ‘రెండు చెంచాల కొబ్బరి నూనెలో పది చుక్కలు, జలుబు చేసిన పిల్లల ఛాతీకి రాయండి’ అంటున్నారు. రెండు చెంచాలంటే 10 మిల్లీలీటర్లు, పది చుక్కలు సుమారు అర మిల్లీలీటరు. అంటే 5 శాతం. పెద్దవాళ్ల చర్మానికే బెరడు నూనె 0.07 శాతం దాటకూడదు, అంటే 100 మిల్లీలీటర్లకు ఒకటిన్నర చుక్క. దానికి డెబ్బై రెట్లు పసివాడి ఒంటికి పూయమని చెప్పేవాడు వైద్యుడు కాదు, వాత పెట్టేవాడు! చర్మం ఎర్రగా కమిలితే ‘చెడు బయటికొస్తోంది’ అని ధైర్యం కూడా చెబుతాడు. వచ్చింది చెడు కాదురా, బొబ్బ. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత దాల్చిన రుచి ఉన్న టూత్‌పేస్టుకు కూడా నోరు పూయొచ్చు. నూనె పడ్డచోట వట్టి నీళ్లు కొడితే జిడ్డు వదలదు. సబ్బు కావాలి.

పనికిరాని నూనె కాదది. తిండికి పనికొచ్చే రకమైతే కిలో కేకు పిండికి ఒక్క చుక్క చాలు. సబ్బులు కాచేవాళ్లు మాత్రం ఆకు నూనెను చివర్లో కొద్దికొద్దిగా కలపాలి. యూజినాల్ తగిలితే మిశ్రమం చూస్తుండగానే గడ్డకట్టి, అచ్చులో పోసేలోగా గరిటె గిన్నెలో నిటారుగా నిలబడుతుంది. సీసా ముదురు రంగు గాజుదై, మూత బిగుతుగా ఉండాలి. గాలి తగిలితే సిన్నమాల్డిహైడ్ సిన్నమిక్ ఆమ్లంగా మారిపోతుంది.

కొనేముందు కొట్టువాణ్ణి ఒక్కటే అడగండి, బెరడుదా, ఆకుదా అని. ‘రెండూ ఉన్నాయండీ ఇందులో, ప్యూర్’ అంటాడు.