తలెత్తి చూడటానికయ్యే ఖర్చు

పంక్చర్లకు వాడే సొల్యూషన్ ట్యూబు అమ్మేటప్పుడు కొనేవాడి వయసు అడగాలట. మొన్న మా కాలనీ సంఘం మీటింగులో ఒకాయన లేచి ఈ మాటన్నాడు, పదిమందీ తలూపారు. పన్ను కట్టే పౌరుడిగా నేను గట్టిగా అడ్డం పడ్డాను. పిల్లలు ఆ జిగురును మత్తుకోసం పీల్చి పాడైపోతున్నారని అందరూ అంటారే గానీ, ఆపడానికి ఎంతవుతుందో ఒక్కరూ లెక్క వేయరు.

మా వీధి చివర హార్డ్‌వేర్ షాపాయననే తీసుకోండి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక కన్ను ఫోన్ మీద, ఒక కన్ను గల్లాపెట్టె మీద. మూడో కన్ను శివుడికి తప్ప ఎవరికీ లేదు. వయసు అడగాలంటే ఆయన ముందు తలెత్తాలి. తలెత్తితే మొహం కనపడుతుంది. మొహం కనపడితే మూతి చుట్టూ పొక్కులు, ఎర్రబడ్డ కళ్లు, చొక్కాకు అట్టకట్టిన జిగురు కనపడతాయి. కనపడ్డాక ఏదో ఒకటి అనుకోక తప్పదు. ఒక్క ట్యూబు మీద మిగిలే చిల్లరకు ఇంత చాకిరీ చేయమనడం న్యాయమా?

"సిమ్ కార్డుకు ఆధార్ అడుగుతున్నారుగా, దీనికీ అడిగితే పోలా?" అన్నారు సెక్రటరీ గారు. అడగొచ్చు. కానీ సికింద్రాబాద్ స్టేషన్‌లో పడుకునే పిల్లాడి ఆధార్‌లో అడ్రసు ఏమని రాయాలి? ఒకటో నంబరు ప్లాట్‌ఫారమా, పదోదా? పోలీసులు లేపి తరిమినప్పుడల్లా అడ్రసు మార్పించుకోవాలంటే మీసేవలో మనబోటి వాళ్లకు టోకెన్ దొరుకుతుందా?

చట్టాన్ని చూసినా నా వాదనకు బలముంది. పిల్లలకు మద్యం, మాదకద్రవ్యాలు, పొగాకు లాంటివి ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటుంది 2015 నాటి బాలల న్యాయ చట్టం, 77వ సెక్షన్. అందులో సొల్యూషన్ పేరు లేదు. 2012లో మాత్రం కేంద్రం కాస్త తొందరపడి, పిల్లలు అదీ పీలుస్తున్నారని, సీసాల్లో వచ్చే వైట్‌నర్‌నూ దాని థిన్నర్‌నూ ఆపేసి, పెన్ను రూపంలోనే అమ్మమంది. మన ఆఫీసుల్లో తప్పులు దిద్దడం అప్పటినుంచే మానేశారని నా అనుమానం.

అయినా 18 అనే అంకెను ప్రభుత్వం మరిచిపోయిందనడం అన్యాయం. జిగురు మీద జీఎస్‌టీ సరిగ్గా 18 శాతం. కొనేవాడి వయసు పదకొండైనా సరే, ఈ 18 మాత్రం పక్కాగా లెక్కలోకొస్తుంది.

ఎయిమ్స్ వాళ్లు కేంద్రం కోసం చేసిన సర్వే ఒకటి 2019లో బయటికొచ్చింది. అన్ని మత్తుల్లోనూ పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించింది ఈ పీల్చే మత్తు ఒక్కటే. పెద్దల్లో 0.58 శాతం, పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 1.17 శాతం. దీని నుంచి బయటపడటానికి సాయం అవసరమైన పిల్లలే 4.6 లక్షల మందని అంచనా. చూశారా! విస్కీ మనదే, కల్లు మనదే, గంజాయీ మనదే. పిల్లలకంటూ మనం వదిలిపెట్టింది ఇదొక్కటే. దీన్నీ లాక్కుంటారా?

ఇంగ్లండ్ వాళ్లది మరీ చోద్యం. 18 దాటనివాడు పీల్చడానికే కొంటున్నాడని అనుమానించడానికి కారణం ఉండి కూడా అమ్మితే నేరమని 1985లోనే చట్టం చేశారు. అంటే షాపువాడు అనుమానపడాల్సొచ్చేది! ఆస్ట్రేలియాలో ఇంకా అన్యాయం. మారుమూల పల్లెల్లో పిల్లలు పెట్రోలు పీలుస్తున్నారని, 2005లో మత్తెక్కించే రసాయనాలు బాగా తగ్గించిన పెట్రోలునే తయారుచేసి, సర్కారు సబ్సిడీతో అక్కడి బంకుల్లో పోయించారు. నాలుగు తగిలిస్తే పోయేదానికి పెట్రోలునే మార్చారండీ! లాఠీతో పోల్చి చూడండి, ఎంత దుబారానో.

పొదుపంటే మన సిగరెట్ల విధానం. 18 నిండనివాళ్లకు అమ్మకూడదని 2003లో చట్టం వచ్చింది, కిళ్లీకొట్టుకు బోర్డూ వచ్చింది. తప్పితే జరిమానా 200 రూపాయల దాకా. పక్కింటి పిల్లాడు రోజూ ఆ బోర్డు కిందే నిలబడి వాళ్ల నాన్నకు రెండు సిగరెట్లు కొనుక్కెళతాడు. బోర్డుకు కొట్టిన మేకుకే లైటర్ వేలాడుతుంటుంది. బోర్డు ఖర్చు ఒక్కసారి, అమలు ఖర్చు సున్నా.

"మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చండీ" అని మీటింగులో ఒక డాక్టరమ్మ అన్నారు. అలా పోతే ఆసుపత్రి ఖర్చు కూడా తగ్గుతుందని గుర్తుచేశాను. ఎందుకోగానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తీర్మానం వచ్చే నెలకు వాయిదా పడింది, సమోసాలు వచ్చాయి.

మర్నాడు తలుపు బందులకు స్క్రూలు కావాలని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. నా మోచేతి కిందనుంచి రెండు ఇరవై నోట్లు కౌంటర్ మీదికొచ్చాయి. "అన్నా, సొల్యూషన్." పిల్లాడి కాళ్లకు చెప్పుల్లేవు. సైకిల్ బయటెక్కడో పెట్టుంటాడు. షాపాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే వెనక్కి చెయ్యి చాపి ట్యూబు తీశాడు. ముప్పై ఎనిమిది. రెండు రూపాయలు చిల్లర లేదని డబ్బాలోంచి చాక్లెట్ తీసి దాని పక్కన పెట్టాడు. పిల్లల కోసమని ఉంచుతాడట.